పిల్లికి పోసిన పురుడు

బాన్సువాడ,
8 జూలై 2024

సుచరిత వదినకు,

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. అమ్మ దినాల నాడు మీ వాకిట్లో నిలబడి మీతో మాటలు బంద్ అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. నీ నంబరు, అన్న నంబరు నా ఫోన్‌లో బ్లాక్‌లోనే ఉన్నాయి. కాగితం సంగతి మాత్రం ఆ రోజు అనలేదు కాబట్టి రాస్తున్నాను.

విషయం ఒక్కటే. మా ఇంట్లో పురుడు ఉంది. ఇంకో నెల కూడా పట్టదు. పిట్లం నుంచి ఎవరూ రానక్కర్లేదు. రేపు ఎవరో చెప్తే తెలిసి, మాకు చెప్పలేదని అన్న నలుగురిలో అనకుండా ముందే చెప్తున్నాను.

రెండేళ్ల కింద శ్రావణంలో నాకు తొమ్మిదో నెల పడితే, పుట్టింటికి తీసుకుపోవడానికి కారు తెస్తానన్నాడు అన్న. పొద్దున్నే తలకు పోసుకుని, బట్టల సంచి కట్టుకుని గడప మీద కూర్చున్నాను. మా వాడకట్టులో ఆడవాళ్లందరూ వచ్చి బొట్టు పెట్టారు. మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసి, "ఇప్పుడు వీలు కాదు వనితా, ఎందుకని అడగకు" అన్నావు. బొట్టు పెట్టినవాళ్ల ముందే సంచి లోపలికి మోసుకుపోయాను. కాన్పు ఇక్కడి దవాఖానలో అయింది. నా చెయ్యి పట్టుకున్నది పక్కింటి పెంటవ్వ. బిడ్డ మూడు రోజులే బతికింది. తొట్టెల ఎక్కలేదు. పేరు పెట్టించుకోలేదు.

అమ్మ అప్పటికే మంచం పట్టింది కాబట్టి రాలేదు. కాళ్లు సాగితే పిట్లం నుంచి నడిచి వచ్చేది. నీకు కాళ్లు బాగానే ఉన్నాయి కదా.

ఇంతే సంగతి. జవాబు రాయాలని ఏం లేదు.

వనిత

*

పిట్లం,
13 జూలై 2024

వనితా,

నీ ఉత్తరం కళ్లకద్దుకున్నాను. నువ్వు తిట్టినా సరే, రాశావు. మళ్లీ పురుడు ఉందన్న మంచి మాట చదివి నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను, పప్పు మాడింది. మీ అన్న చదివి, మడిచి, మళ్లీ విప్పి చదివాడు. బండి తీసుకుని పొలానికి పోయాడు. నాట్లు మొన్ననే అయిపోయాయి, అక్కడ ఆయనకు ఏ పనీ లేదు.

ఈ సంచి బాన్సువాడ బస్సు కండక్టర్ చేతికి ఇస్తున్నాను. మీ ఆయన బాలరాజ్ అన్న ఆటో బస్ స్టాండులోనే ఉంటుంది కదా, ఇస్తానన్నాడు. అందులో ఆకుపచ్చ చీర ఉంది, ఒడి బియ్యానికని తీసుకున్నది. ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఉన్నాయి. నెయ్యి మన బర్రెది, నేనే కాచాను. రోజూ పొద్దున ఒక చెంచా వేడి అన్నంలో వేసుకుని తిను. మిషన్ ఎక్కువ తొక్కకు. పండుగల బ్లౌజులన్నీ ఒప్పుకోకు, నీ సంగతి నాకు తెలుసు.

నాకు ఇప్పుడే వచ్చి నిన్ను చూడాలని ఉంది. కానీ ఇప్పుడు వీలు కాదు వనితా. ఎందుకో కొన్నాళ్లయ్యాక నేనే చెప్తాను. ఈసారి మాత్రం పొరపాటు జరగనివ్వం. మీ అన్న వస్తాడు. ఏ తారీఖు చెప్పారో ఒక్క ముక్క రాయి.

మీ ఆయనకు నమస్తే చెప్పు.

నీ వదిన
సుచరిత

*

బాన్సువాడ,
22 జూలై 2024

వదినా,

సంచి అందింది. నీ నెయ్యి చాలా బాగుందట. తిన్నది నేను కాదు.

మా ఇంట్లో పురుడు ఉందని రాశాను కానీ అది నాదని ఎక్కడా రాయలేదు. కడుపుతో ఉన్నది ఒక పిల్లి. బూడిద రంగుది, ఒక చెవి చిరిగి ఉంటుంది. ఆరుద్ర వానకు తడిసి వచ్చి నా మిషన్ వెనక కటింగ్ ముక్కల డబ్బాలో పడుకుంది. వాడకట్టులో అందరూ చీపురుతో తరిమినవాళ్లే. మా ఆయన కూడా కట్టె తీసుకున్నాడు. దాని పొట్ట చూసి నేనే ఆపాను. కడుపుతో ఉన్న ప్రాణం ఎవరి గడప మీదో ఎదురుచూస్తుంటే ఎలా ఉంటుందో ఈ వాడలో నాకు కాక ఎవరికి తెలుసు? ఈనేదాకా, పిల్లలు పాలు మరిచేదాకా నా దగ్గరే ఉంటుందని చెప్పాను.

పశువుల దవాఖానకు ఆటోలో తీసుకుపోయాను. అక్కడ బర్రెల మధ్య నన్ను చూసి నవ్వారు. డాక్టర్ మంచివాడు. నాలుగు పిల్లలు ఉండొచ్చన్నాడు, పాలు పట్టొద్దు, గుడ్డు పెట్టమన్నాడు. నేను గుడ్డుతో పాటు నీ నెయ్యి కూడా పెట్టాను. దానికి కడుపు కదిలింది. నీ ఆకుపచ్చ చీర నాలుగు ముక్కలు చింపి డబ్బాలో పరిచాను, ఆ చీర మీదే కదిలింది.

శుక్రవారం నాడు దానికి ఒడి కూడా నింపాను. ఐదుగురు ఆడవాళ్లను పిలిచాను. పిల్లికి బొట్టు పెట్టమంటే విరగబడి నవ్వారు. నేను నవ్వలేదు. "నాకు పుట్టింటివాళ్లు చెయ్యలేదు, దీనికి పుట్టిల్లే లేదు, అందుకే నేను చేస్తున్న" అని చెప్పాను. పిట్లం నుంచి వచ్చిన కుడుకలని కూడా చెప్పి పంచాను. అందులో ఒకామె చెల్లెలిది పిట్లమే. ఈపాటికి మీ బజారు దాకా వచ్చి ఉంటుంది.

సంచి రాగానే నీ ఉత్తరం ముందు తీశాను. ఒక్క నిమిషం నా మనసు మెత్తబడింది, అబద్ధం చెప్పను. తర్వాత ఆ ముక్క చదివాను. "ఇప్పుడు వీలు కాదు వనితా." రెండేళ్లయినా నీకు ఇంకో మాట దొరకలేదా?

వనిత

*

పిట్లం,
5 ఆగస్టు 2024

వనితా,

బజారు దాకా వచ్చింది. మీ అన్న కటింగ్ షాపులో కూర్చుంటే ఎవరో అడిగారట, నీ చెల్లె ఇంట్ల పిల్లికి ఒడిబియ్యం మీరే పంపిండ్రట గదా అని. సగం గడ్డంతో లేచి వచ్చాడు. అన్నం తినలేదు. నన్నే తిట్టాడు, ఆ సంచి ఎందుకు పంపావని. నీకు ఇదే కావాలంటే, ఇదే జరిగింది.

ఆ చీర కోసం నేను కామారెడ్డి దాకా పోయాను. పోనీలే. పిల్లి అయినా కడుపుతో ఉన్నదే కదా, దానికే పరిచావు.

వీలు కాదని ఎందుకన్నానో ఇప్పుడు చెప్తున్నాను. నాకు ఐదో నెల. బస్సు ఎక్కొద్దు, బండి ఎక్కొద్దు అన్నారు డాక్టరమ్మ. పెళ్లయిన ఎనిమిదేళ్లకు నిలిచింది, భయపడి ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పాను, ఇప్పుడు నీకు చెప్తున్నాను. పై వరుసలు చదువుతూ నన్ను ఎన్ని తిట్టినా, ఇది చదివాక ఒక మంచి మాట అనుకో.

ఒకటి అడుగుతాను. సంక్రాంతి ముందు కాన్పు అవుతుంది. ఇరవై ఒకటో నాడు తొట్టెలలో వేస్తాం. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది మేనత్త. మా మద్నూర్ వైపు మరాఠీ ఇళ్లతో కలిసి పెరిగినవాళ్లం, అక్కడ మేనత్త చెప్పకపోతే అది పేరే కాదంటారు. మీ అన్నకు నువ్వు ఒక్కదానివే చెల్లెలివి. వేరే ఎవరినీ నిలబెట్టలేం. ఆడపిల్ల అయితే అత్తమ్మ పేరు పెడదామని మీ అన్న ఆశ. ప్రేమల. నీ నోటితో ఆ పేరు వింటే ఆయన మళ్లీ మనిషవుతాడు.

పిల్లి ఈనిందా? ఎన్ని?

సుచరిత

*

బాన్సువాడ,
26 ఆగస్టు 2024

వదినా,

ఈనింది. నాలుగు. అందరూ బాగున్నారు.

నీకు ఐదో నెల అని చదివి సంతోషించాను. నిజంగానే. గుడిలో కొబ్బరికాయ కూడా కొట్టించాను. తర్వాత కింద పేరు చదివాను.

అమ్మ పేరు నా బిడ్డకు పెట్టాలని కడుపుతో ఉన్నప్పుడే అనుకున్నాను. అమ్మకు కూడా చెప్పలేదు, తొట్టెల నాడు చెప్పి ఏడిపిద్దామని. నా బిడ్డకు దక్కని పేరు నీ బిడ్డకు కావాలి, అదీ నేనే వచ్చి చెవిలో చెప్పాలి! ఎంత తేలిగ్గా రాశావు వదినా.

మొన్న శనివారం పిల్లి పిల్లలకు ఇరవై ఒకటో నాడు. బ్లౌజు లైనింగ్ గుడ్డతో తొట్టెల కట్టాను. మళ్లీ అందరినీ పిలిచాను. మూడు పిల్లలకు ఏవో పేర్లు పెట్టాం. నాలుగోది ఆడది, తల్లి లాగే బూడిద రంగు, అన్నిటికన్నా గట్టిగా అరుస్తుంది. దాన్ని తొట్టెలలో వేసి, చెవి దగ్గర నోరు పెట్టి మూడు సార్లు "ప్రేమల" అన్నాను. మెల్లగా కాదు. వాకిలి బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేట్టు.

ఆ పేరు ఇక అయిపోయింది. నువ్వు ఎవరికి పెట్టినా, బాన్సువాడలో ఒక దొంగ పిల్లికి ఉన్న పేరే పెట్టినట్టు. తొట్టెలకు నన్ను పిలవకండి.

అందరూ నవ్వారు కానీ పెంటవ్వ నవ్వలేదు. పళ్లెం కింద పెట్టి, "పగ తీరిందా బిడ్డా? తీరితే ఇగ అన్నం తిను" అంది. తిన్నాను. సహించలేదు.

మర్నాడు తల్లి పిల్లి పిల్లలన్నిటినీ ఆటో వెనక సీటు కిందికి మార్చింది. మా ఆయన చూసుకోకుండా ఇద్దరు ముసలివాళ్లను ఎక్కించుకుని మార్కెట్ దాకా పోయాడు. సీటు కింద నుంచి అరుపులు వస్తే వాళ్లు దిగి పారిపోయారట. తల్లి ఇక్కడ ఇల్లంతా తిరుగుతూ ఏడ్చింది. ఆయన వచ్చేదాకా నేనూ దాని వెంట తిరిగాను.

వనిత

*

పిట్లం,
6 సెప్టెంబర్ 2024

వనితా,

నీ ఉత్తరం మీ అన్నకు చూపించలేదు. పొయ్యిలో పెట్టాను. ఇది మాత్రం నువ్వు పొయ్యిలో పెట్టకుండా చివరి దాకా చదువు.

నేను చెప్పొద్దని రెండేళ్లు పళ్లు బిగపట్టి ఉన్నాను. నువ్వు అత్తమ్మ పేరును పిల్లికి పెట్టి వాకిట్లో అరిచాక ఇంకా ఎవరిని కాపాడాలి?

నీకు తొమ్మిదో నెల పడినప్పుడు నాకు రెండో నెల. ఆరేళ్లకు నిలిచింది. మూడో నెల నిండేదాకా బయట మాట రావొద్దన్నారు. ఆ రోజు మీ అన్న కారు కిరాయికి మాట్లాడాడు, నేను నీ కోసం గది కడిగి కొత్త చాప వేశాను. కారు వాకిట్లో ఆగింది. అప్పుడు అత్తమ్మ మంచంలో నుంచి పిలిచింది. మా ఇద్దరినీ నిలబెట్టి, "ఒక్క కప్పు కింద ఇద్దరు నీళ్లాడొద్దు. ఒకరి బిడ్డ దక్కది. దాన్ని తేకుండ్రి" అంది. ఆమె చిన్నప్పుడు వాళ్లింట్లో తోడికోడళ్లు ఒకే నెలలో కని, ఒక పిల్ల పోయిందట. అది చూసిన మనిషి. మీ అన్న బతిమాలాడు. వనిత పోయి కని లేస్తది, సుచరితకు ఇంకా ఏడు నెలలున్నయి కదా అన్నాడు. అయినా వినలేదు. ఒట్టు వేయించుకుంది. కారణం నీకు చెప్పొద్దని కూడా ఒట్టే. నీకు చెప్తే నా కడుపు సంగతి బయటపడుతుందని.

ఫోన్ చేసే ధైర్యం మీ అన్నకు లేకపోయింది. నేను చేశాను. అందుకే అన్నీ నా మీద పడ్డాయి.

నీ బిడ్డ పోయిందని తెలిసిన రోజు నన్ను గడప దాటనివ్వలేదు. కడుపుతో ఉన్నది చావు ఇంటికి పోకూడదట. పది రోజులకు నా కడుపు కూడా పోయింది. ఎవరి కప్పు కింద వాళ్లమే ఉన్నాం, ఇద్దరివీ పోయాయి. నువ్వు నలుగురిలో ఏడ్చావు. నేను స్నానాల గదిలో నల్లా తిప్పుకుని ఏడ్చాను. నాకు కడుపు నిలిచిందనే ఎవరికీ తెలియదు కదా, పోయిందని ఎవరు పలకరిస్తారు?

నడిచి వచ్చేదని రాశావు చూడు మీ అమ్మ గురించి. ఆమే తన నోటితో నిన్ను ఆపింది. పోయేముందు నీ పేరే కలవరించింది, అదీ నిజమే.

నేను కాన్పుకు మద్నూర్ మా అమ్మ దగ్గరికి పోతున్నాను. పేరు మా అమ్మ చెప్తుంది. నువ్వు రావొద్దు. ఈ మాట నేనే అంటున్నాను, మీ అన్న కాదు. నాకూ కోపం వస్తుందని నీకు తెలియాలి.

సుచరిత

*

బాన్సువాడ,
12 డిసెంబర్ 2024

వదినా,

మూడు నెలలు నీకు రాయలేకపోయాను. నీ ఉత్తరం చదివి అమ్మ ఫొటోను గోడ వైపు తిప్పి పెట్టాను. మా ఆయన ఇటు తిప్పాడు. నేను మళ్లీ అటు తిప్పాను. కొన్నాళ్లు ఇంట్లో ఇదే పని. ఒకరోజు ఫొటో ముందు నిలబడి నోటికి వచ్చినట్టు తిట్టాను. ఆమె అలాగే నవ్వుతూ చూసింది. బతికున్నవాళ్లయితే ఫోన్ బ్లాక్ చెయ్యొచ్చు, బజార్లో పరువు తియ్యొచ్చు. చచ్చినవాళ్లను ఏం చెయ్యాలి? నా దగ్గర ఉన్న కోపమంతా రెండేళ్లు నీ మీదే పోశాను.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు, అది కూడా విను. ఒక్క మాట నాకు చెవిలో చెప్తే ఏం పోయేది? నేను నీ కడుపుకు దిష్టి పెట్టేదాన్నా? అది అడుగుతాను, ముసలిదాన్నయ్యాక కూడా అడుగుతాను.

ఇప్పుడు అసలు సంగతి. పిల్లలను అడిగినవాళ్లకు ఇచ్చేశాను, ప్రేమల మాత్రం పెంటవ్వ ఇంట్లో ఉంది. తల్లి నా దగ్గరే ఉంది. దానికి మళ్లీ కడుపు. ఆపరేషన్ చేయిద్దామని తీసుకుపోతే అప్పటికే నిలిచిందన్నాడు డాక్టర్. జనవరి మొదటి వారంలో ఈనుతుందట. నీ కాన్పు కూడా అప్పుడే కదా.

నువ్వు మద్నూర్ పోకు. ఇక్కడికి రా. దవాఖాన మా ఇంటి నుంచి ఆటోలో ఐదు నిమిషాలు. నీకు లోపలి గది, దానికి మిషన్ వెనక డబ్బా. ఒక్క కప్పు కింద ఇద్దరూ నీళ్లాడాలి. నా కప్పు కింద. అమ్మ అన్న మాట అబద్ధమని నా కళ్లతో చూడాలి. ఆమె మీద తీర్చుకోవడానికి నాకు ఇంకో దారి దొరకలేదు.

పిచ్చిదాన్నయ్యానంటావు. పెంటవ్వ అదే అంది. పిల్లిని నీ కాన్పు దాకా వేరే ఎవరింట్లోనైనా ఉంచమంది. ఉంచనన్నాను. నాకు భయం లేదా అంటే ఉంది. నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాను. కానీ ఆ మాటను మనం ఇప్పుడు తొక్కకపోతే, రేపు నీకు ఆడపిల్ల పుడితే, అది కూడా ఒకరోజు సంచి కట్టుకుని ఎవరి గడప మీదో కూర్చుంటుంది.

వస్తే ఫోన్ చెయ్యి. బ్లాక్ తీసేశాను.

వనిత

*

పిట్లం,
17 డిసెంబర్ 2024

వనితా,

ఫోన్ చెయ్యొచ్చు. చేస్తే ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను.

మా అమ్మ మద్నూర్ నుంచి వచ్చి కూర్చుని ఏడుస్తోంది. పిల్లి ఉన్న ఇంట్లో, అదీ కడుపుతో ఉన్న పిల్లి ఉన్న ఇంట్లో బాలింత ఎట్ల ఉంటది అంటోంది. మీ అన్నకు నీ ఉత్తరం ఇచ్చాను. చదివి, "నేను ఒట్టు వేసిన" అన్నాడు. వనితను తేనని కదా వేశావు, నన్ను తీసుకుపోనని వెయ్యలేదు అన్నాను. లేచి బయటికి పోయాడు.

నువ్వు నన్ను ప్రేమతో పిలవలేదని తెలుసు. నేనూ ప్రేమతో రావడం లేదు. నల్లా తిప్పుకుని ఏడ్చినదాన్ని, నాకూ కసి ఉంది. ఆ మాట తప్పని అత్తమ్మకు చూపించాలని నాకూ ఉంది.

భయంగా ఉంది వనితా. ఏమైనా అయితే నిన్ను అనను. నువ్వు కూడా నన్ను అనొద్దు. ఈ ఒక్కటి ముందే ఒప్పుకుందాం.

ఆదివారం బాలరాజ్ అన్నను ఆటో తెమ్మను. సీటు కింద చూసుకుని రమ్మను.

సుచరిత

*

బాన్సువాడ,
10 జనవరి 2025

అన్నా,

రెండేళ్ల తర్వాత ఈ పిలుపు. ఫోన్‌లో మా ఆయన నీకు చెప్పే ఉంటాడు. అయినా కాగితం మీద ఉండాలని రాస్తున్నాను. నువ్వు మంగళవారం దవాఖాన గేటు దాకా వచ్చి వెనక్కి పోయావట, మా ఇంటి వాకిట్లోకి మాత్రం రాలేదు.

పిల్లి సోమవారం ఈనింది. ఐదు. వదిన నా పక్కనే కూర్చుని చూసింది. తల్లి ఒక్కోదాన్ని నాకుతుంటే వదిన చెయ్యి నా చెయ్యి మీద వేసి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగాయి. మంగళవారం పొద్దున వదినకు నొప్పులు మొదలయ్యాయి. ఆటోలో ఎక్కించుకుని పోయాం. ఇంట్లో ఐదు ప్రాణాలు బాగున్నాయి, ఇక ఇక్కడ ఏమవుతుందో అని నేను దవాఖాన గోడకు నుదురు ఆనించి నిలబడ్డాను. జీవితంలో అంత భయం నాకు నా కాన్పులో కూడా వెయ్యలేదు.

ఆడపిల్ల. మూడు కిలోలకు తక్కువ. నర్సు తెచ్చి నా చేతిలోనే పెట్టింది. కళ్లు తెరిచి చూసింది అన్నా. ఈరోజు నాలుగో రోజు. పొద్దున ఏడ్చి పాలు తాగింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాం, లోపలి గదిలో పడుకుంది. మూడో రోజు గడవాలని నేను, వదిన నిన్న రాత్రంతా ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. గడిచింది.

పేరు ఇరవై ఒకటో నాడు నేను చెప్తాను. అమ్మ పేరు కాదు. ఏ పేరో వదినకు కూడా చెప్పలేదు, చెప్పను. నచ్చకపోతే మీ ఖర్మ.

నువ్వు ఒక పని చెయ్యి. పిట్లంలో అమ్మ ఫొటో ముందు నిలబడి ఈ ఉత్తరం గట్టిగా చదువు. ఒక్క కప్పు కింద ఇద్దరు నీళ్లాడారని చెప్పు. అందరూ బతికే ఉన్నారని చెప్పు. మధ్యలో ఏడుపు వస్తే ఆగి, మళ్లీ మొదటి నుంచి చదువు. చదివాక వచ్చి నీ బిడ్డను ఎత్తుకో.

నీ చెల్లె
వనిత